పడవ మీద కాపురం: మీరడిగినవి, నేను చెప్పగలిగినవి

గత సంచికలో కరీబియన్ దీవుల మధ్య మేమిద్దరం తెరచాప పడవలో కాపురం ఉన్న సంగతి రాస్తే ఉత్తరాలు, మెయిళ్ళు బాగా వచ్చాయి. హనుమకొండ, కరీంనగర్, ములుగు, జమ్మికుంట, నిర్మల్, మంచిర్యాల... సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్ళ వాళ్ళే అందరూ. అయినా ఒక్కరు కూడా "బీచ్‌లు బాగుంటాయా" అని అడగలేదు. ఇంజిన్ గురించి, తాగే నీళ్ళ గురించి, బియ్యంలో పురుగు గురించి అడిగారు. నాకు అదే నచ్చింది, ఎందుకంటే ఆ జీవితం నిజంగా అదే. ఫొటోల్లో కనిపించే నీలం నీళ్ళు రోజులో ఒక గంట. మిగతా రోజంతా ఉప్పూ ఎండా కలిసి పాడుచేస్తున్నదాన్ని మనం బాగుచేసుకుంటూ ఉండటమే. ఆ పని ఇష్టమైన వాళ్ళకు అంతకంటే మంచి బతుకు నాకు తెలిసి లేదు. ఆ పని విసుగు అనిపించేవాళ్ళు పడవ కొనకండి, వారం రోజులు అద్దెకు తీసుకుని తిరిగి రండి, హాయిగా ఉంటుంది.

"అక్కా, పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తారు? స్నానానికి, బట్టలకు నీళ్ళెక్కడివి?" (ఒక గృహిణి, హనుమకొండ)

లేవగానే పైకొచ్చి చుట్టూ చూస్తాం. రాత్రి ఉన్నచోటే ఉన్నామా, పక్క పడవ మన మీదికి జరిగిందా అని. తర్వాత బ్యాటరీ ఎంత మిగిలింది, పడవ అడుగున నీళ్ళు చేరాయా, ఈ రోజూ రేపూ గాలి ఎలా ఉంటుంది, ఈ మూడూ చూసుకున్నాకే చాయ్. పది దాటితే ఎండ మండిపోతుంది కాబట్టి ఒళ్ళు వంచే పనులన్నీ ఆలోపే. వారానికోసారి నీళ్ళలోకి దిగి పడవ అడుగున పట్టిన పాచి గీకాలి, లేకపోతే గట్టి పెంకులు కట్టి పడవ నడక సగానికి పడిపోతుంది. మధ్యాహ్నం డింగీ అనే చిన్న గాలి పడవలో ఒడ్డుకు పోయి చెత్త పడేసి, కూరగాయలు, డబ్బాల్లో డీజిల్ తెచ్చుకుంటాం. ఏడాది పొడవునా ఆరు, ఏడు మధ్యలోనే చీకటి పడుతుంది, తొమ్మిదికి అందరూ పడుకుంటారు. నడిరాత్రి వాన పడితే లేచి పైకిటికీలన్నీ మూయాలి. గాలి కోసం అవి తెరిచే పడుకుంటాం మరి.

నీళ్ళ సంగతి చెప్పాలంటే, నలభై అడుగుల పడవలో సుమారు 300, 400 లీటర్ల ట్యాంకు ఉంటుంది. జాగ్రత్తగా వాడితే ఇద్దరికి రోజుకు ఇరవై లీటర్లు సరిపోతాయి. సముద్రంలో మునిగి సబ్బు రాసుకుని మళ్ళీ మునిగి, చివర్లో రెండు లీటర్ల మంచినీళ్ళు పోసుకుంటే స్నానం అయిపోయినట్టే. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి మంచినీళ్ళతో తొలుస్తాం. బట్టలు మాత్రం ఉప్పునీళ్ళలో ఉతకకూడదు, ఉప్పు మిగిలితే గాలిలో తేమ పీల్చుకుని ఎప్పటికీ ఆరవు. వానొస్తే పైన కట్టిన గుడ్డ పందిరి నుంచి గొట్టం పెట్టి పట్టుకుంటాం. దాన్ని మించి కావాలంటే వాటర్‌మేకర్ ఉండాలి. మన వీధుల్లో ఉండే ఆర్వో ప్లాంటు పద్ధతే, కానీ సముద్రపు నీళ్ళు కాబట్టి పొర గుండా తోయడానికి దాదాపు 800 పీఎస్ఐ ఒత్తిడి కావాలి. దానితో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. నూనె తేలే రేవు నీళ్ళలో నడిపితే ఆ పొర పోతుంది. శుభ్రం చేద్దామని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు పోసినా పోతుంది, మధ్యలో కార్బన్ ఫిల్టర్ ఉండాల్సిందే. కొన్నాళ్ళు వాడమనుకుంటే పొర కుళ్ళకుండా మందు కలిపి పెట్టాలి.

"నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పడవ ఇంజిన్‌కు, బస్సు ఇంజిన్‌కు తేడా ఏంటి? బయలుదేరేముందు ఏమేం చూసుకోవాలి?" (కరీంనగర్)

అన్నా, మీలాంటి వాళ్ళు పడవ ఎక్కితే ప్రతి రేవులోనూ మీకోసం మనుషులు వెతుక్కుంటూ వస్తారు. ఇంజిన్ లోపల మీకు తెలిసిన డీజిలే. తేడా అంతా చల్లబరచడంలో ఉంది. రేడియేటర్‌కు గాలి తగిలే దారి లేదు కాబట్టి సముద్రపు నీళ్ళు లోపలికి లాగి, వాటితో ఇంజిన్ కూలెంట్‌ను చల్లబరచి, ఆ నీళ్ళను పొగతో పాటు బయటికి వదులుతారు. నీళ్ళు లాగేది రబ్బరు రెక్కల చక్రం, దాన్ని ఇంపెల్లర్ అంటారు. ఒక్క నిమిషం నీళ్ళు లేకుండా తిరిగినా రెక్కలు కాలి ముక్కలవుతాయి, ఆ ముక్కలు పోయి ముందున్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. అందుకే స్టార్ట్ చేసిన ప్రతిసారీ వెనక్కి పోయి పొగ గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయా లేదా అని కళ్ళతో చూసి రావాలి. 2011 నుంచి ఆ సముద్రంలో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది, అది నీళ్ళు లాగే జాలీని మూసేస్తుంది. నాచులోంచి పోయిన రోజున ఆ జాలీ విప్పి కడగాలి.

ఇక డీజిల్. ట్యాంకులో ఖాళీ ఉంటే లోపలి గాలిలోని తేమ చెమ్మగా మారి అడుక్కు దిగుతుంది. ఆ నీళ్ళకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురవుతాయి. పడవ రేవులో ఊరికే ఉన్నన్నాళ్ళూ అది కదలదు. సరిగ్గా అలలు పెద్దవైనప్పుడు అడుగుదంతా లేచి ఫిల్టర్‌ను మూస్తుంది, అంటే ఇంజిన్ చాలా అవసరమైన చోటే ఆగుతుంది. కాబట్టి ట్యాంకు నిండుగా ఉంచడం, ముందు ఫిల్టర్ కింది గాజు గిన్నెలో నీళ్ళు చేరాయేమో రోజూ చూడటం, ఊగుతున్న పడవలో చీకట్లో కూడా ఫిల్టర్ మార్చి గాలి తీయగలిగేంత అలవాటు చేసుకోవడం. మీకు ఇదేమీ లెక్కకాదు. నేను మాత్రం ఇద్దరూ నేర్చుకోవాలంటాను, ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు చెయ్యాలి కదా.

సామాన్లలో ఇంపెల్లర్లు మూడైనా, రెండు రకాల ఫిల్టర్లు అరడజను, బెల్టులు, హోస్‌లు, బిగించే స్టీలు క్లిప్పులు, ఆయిల్, కూలెంట్, స్టార్టర్ మోటారు వీలైతే ఇంకొకటి, గాస్కెట్ షీటు. జింకు కడ్డీలు మర్చిపోవద్దు. ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు తగిలి ఉంటే కరెంటు పుట్టి బలహీనమైనది కరిగిపోతుంది, అందుకని ముందుగా కరిగిపోవడానికే జింకు పెడతారు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఒకటి, ప్రొపెల్లర్ షాఫ్టుకు ఒకటి, సగం కరగ్గానే మార్చేయాలి. మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం, అల్యూమినియం, దానికి కొట్టిన స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు, అక్కడా ఇదే జబ్బు, స్క్రూ బిగించేటప్పుడే మధ్యలో ప్రత్యేకమైన పేస్టు రాయకపోతే రెండేళ్ళకు అది విప్పడానికి ఎవరి తరమూ కాదు.

బయలుదేరేముందు చూడాల్సినవి ఇంజిన్ ఒక్కటే కాదు. పడవ అడుగున నీళ్ళు వచ్చిపోయే ప్రతి రంధ్రానికీ ఒక వాల్వు ఉంటుంది. అన్నీ తిరుగుతున్నాయో లేదో చేత్తో తిప్పి చూడాలి, ప్రతిదాని పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి, ఎందుకంటే గొట్టం తెగిన రోజు బిరడా వెతుక్కునే టైం ఉండదు. నీళ్ళు తోడే బిల్జ్ పంపు ఆటోమేటిక్ స్విచ్ నీళ్ళు పోసి పరీక్షించాలి. మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగలు పైకి బాగానే ఉంటాయి, చివర నొక్కి బిగించిన చోట వెంట్రుకంత పగులు ఉంటే మాత్రం మొత్తం పడిపోతుంది. పదేళ్ళు దాటిన తీగలుంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి. నా మటుకు నేను వాళ్ళు అడగకపోయినా మార్పిస్తాను, మాస్ట్ పైకి తాడు కుర్చీలో ఎక్కి భూతద్దంతో చూసినా కనపడనివి కొన్ని ఉంటాయి. ఈ పెద్ద పనులకు పడవను నీళ్ళలోంచి ఎత్తించాలి. ట్రినిడాడ్‌లోని చాగ్వరామస్, గ్రెనడాలోని యార్డులు, మార్టినిక్‌లోని లె మరాన్, ఈ మూడు చోట్లా పనివాళ్ళు, సామాను దొరుకుతాయి. విదేశీ పడవ దారిలో ఉందని కాగితాలు చూపిస్తే చాలా దీవుల్లో విడిభాగాలకు దిగుమతి సుంకం మినహాయింపు కూడా ఉంటుంది, కొరియర్ డబ్బా మీద ఆ మాట పెద్దక్షరాలతో రాయించుకోండి.

"ఎన్ని సోలార్ ప్యానెళ్ళు, ఎంత బ్యాటరీ? లిథియం పెట్టాలా?" (నిట్ విద్యార్థి, వరంగల్)

తమ్ముడూ, లెక్క ఫ్రిజ్ దగ్గర మొదలవుతుంది. ఆ వేడిలో 12 వోల్టుల ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 60 ఆంపియర్ అవర్ల దాకా తాగుతుంది. లైట్లు, ఫోన్లు, ఫ్యాన్లు, నీళ్ళ పంపు, ప్రయాణం ఉంటే ఆటోపైలట్, అన్నీ కలిపి పొదుపుగా ఉండే ఇద్దరికి రోజుకు 120 నుంచి 150 అనుకో. నాలుగు వందల వాట్ల ప్యానెళ్ళు మంచి ఎండలో సుమారు 120 ఇస్తాయి. అందుకే చాలామంది 600 వాట్లకు పోతారు. అయితే పడవలో అసలు శత్రువు నీడ. మాస్ట్ నీడ, తెరచాప కింది గొట్టం నీడ ప్యానెల్ మూల మీద పడితే చాలు, మొత్తం ప్యానెల్ ఇచ్చేది పడిపోతుంది. ప్రతి ప్యానెల్‌కూ వేరే కంట్రోలర్ పెట్టుకుంటే నష్టం ఒక్కదానికే పరిమితం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిదే. లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, ఇందులో 80 శాతం పైగా వాడొచ్చు. కానీ అది ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఇంజిన్ ఆల్టర్నేటర్ అలా నిండు లోడు మీద గంటసేపు నడిస్తే కాలిపోతుంది. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ గానీ, వేడిని కొలిచి తగ్గించే రెగ్యులేటర్ గానీ తప్పనిసరి. వైర్లు టిన్ పూత ఉన్నవే వాడు, మామూలు రాగి తీగ ఆ ఉప్పుగాలికి లోపలే నల్లబడి వేడెక్కుతుంది. ఇంత చదువుకుంటున్నావు కదా, ఒక పడవకు పూర్తి వైరింగ్ డ్రాయింగ్ వేసి చూడు, ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది.

"మేం మాంసం తినం. అక్కడ ఏం దొరుకుతాయి? పప్పులు, బియ్యం పురుగు పట్టకుండా ఎలా?" (ఒక టీచర్, మంచిర్యాల)

అమ్మా, మీరు నిశ్చింతగా ఉండొచ్చు. బెండకాయ, వంకాయ, గుమ్మడి, బొప్పాయి, మామిడి, చింతకాయ, కొబ్బరి, చామదుంప, అన్నీ దొరుకుతాయి. చామాకుతో వాళ్ళు కలలూ అనే చిక్కటి కూర వండుతారు, మనం దాన్నే పప్పులో వేసుకోవచ్చు. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది పచ్చి కంది. క్రిస్మస్ ముందు నుంచి సంతల్లో పచ్చి కందికాయలు కుప్పలుగా పోస్తారు, మన చేనుగట్ల మీద ఉప్పేసి ఉడికించుకు తినే అవే కాయలు. బ్రెడ్‌ఫ్రూట్ అనే పెద్ద కాయ మరొకటి, కాల్చి తింటే పొడి పొడిగా ఆలుగడ్డ రుచి. అది అక్కడి చెట్టు కాదు, 1793లో పసిఫిక్ దీవుల నుంచి మొక్కలు ఓడలో తెచ్చి సెయింట్ విన్సెంట్‌లో దించారు, తోటల్లో బానిసలకు చౌక తిండి కోసం.

ట్రినిడాడ్ గురించి వేరే చెప్పాలి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను అక్కడ దించింది. ఇప్పుడు ఆ రోజు సెలవు, దీపావళికీ సెలవే. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్ముతారు, బరా అనే రెండు మెత్తటి పూరీల మధ్య శనగల కూర, చింతపండు పచ్చడి. పప్పు కూరిన రోటీలు, పొడవాటి అలసంద కాయలు, జీలకర్ర, అన్నీ వాళ్ళ పేర్లతో వాళ్ళ పద్ధతిలో ఉంటాయి. ఫ్రెంచి దీవులైన గ్వాడెలూప్, మార్టినిక్‌లకు 1850ల నుంచి పుదుచ్చేరి, కారైక్కాల్ రేవుల మీదుగా దక్షిణాది వాళ్ళను తీసుకెళ్ళారు. అక్కడ కొలంబో అనే మసాలా పొడి ప్రతి దుకాణంలోనూ ఉంటుంది, మూత తీస్తే ధనియాలు, ఆవాలు, మెంతులు, పసుపు వాసన. ఎంత కష్టంతో దాటి వెళ్ళిన మనుషులో, పోపు డబ్బాను మాత్రం వదల్లేదు. ఆ పొడితో వంకాయ వండిన రోజు నాకు వాళ్ళ గురించి తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

నిల్వ సంగతి. అట్టపెట్టెలు ఏవీ పడవలోకి రానీయకండి, మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి. ఒడ్డునే విప్పి సామాను సంచుల్లోకి మార్చుకోవాలి. బియ్యం, పప్పులు గాలి చొరని డబ్బాల్లో, మధ్యలో ఎండుమిరపకాయలు. గోధుమపిండిని ఫ్రీజర్ ఉంటే రెండు మూడు రోజులు అందులో పెట్టి తీస్తే పురుగు గుడ్లు చస్తాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వేర్వేరు వల సంచుల్లో వేలాడదీయాలి. కందిపప్పు ట్రినిడాడ్‌లో కొనుక్కోండి, మిగతా చోట్ల పసుపు రంగు బఠాణీ పప్పే దొరుకుతుంది, పచ్చిమిర్చి, చింతపండుతో అదీ బాగానే ఉంటుంది. అక్కడి స్కాచ్ బానెట్ మిరపకాయ ముట్టుకున్న చేత్తో కన్ను రుద్దుకోవద్దు. రంగు కావాలి, కారం మితంగా కావాలి అంటే మన చపాటా మిర్చి కారం ఒక డబ్బా పట్టుకుపోండి.

ప్రెషర్ కుక్కర్ తప్పకుండా ఉండాలి. గ్యాస్ మిగలడం ఒకటి, పడవ ఒక్కసారి వాలినప్పుడు మూత బిగించి ఉన్నందువల్ల మరిగే పప్పు ఒంటి మీద పడదు, అదింకా ముఖ్యం. గ్యాస్ సిలిండర్ మాత్రం ఎప్పుడూ లోపల పెట్టకూడదు. లీకైతే ఆ గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి పడవ అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అడుగున సముద్రంలోకి రంధ్రం ఉన్న పెట్టెలో బయటే ఉంచాలి, వంట అయిన ప్రతిసారీ వాల్వు కట్టేయాలి.

"నేను టైలర్‌ని. పడవ మీద కుట్టుపని ఏమైనా ఉంటుందా?" (జమ్మికుంట)

ఉంటుంది చెల్లె, రోజూ ఉంటుంది. తెరచాప గుడ్డ డాక్రాన్ అనే పాలిస్టర్, ఎండకు గుడ్డ కంటే ముందు దారం కుళ్ళిపోతుంది. గుడ్డ గట్టిగానే ఉంటుంది, గోటితో గీరితే కుట్లు పొడిగా రాలిపోతాయి. ఒక కుట్టు తెగిన చోట గట్టి గాలి తగిలితే అడ్డంగా చీరుకుపోతుంది. అందుకని ఏటా కుట్లన్నీ తడిమి చూసి, వదులైన చోట జిగ్‌జాగ్ కుట్టు మళ్ళీ వేయాలి. ఎండకు చెడని పీటీఎఫ్ఈ దారం ఒకటుంది, ధర చాలా ఎక్కువ, కానీ గుడ్డ చిరిగేదాకా అదే ఉంటుంది. ముందు తెరచాప చుట్టేసినప్పుడు బయటికి కనిపించే అంచుకు అడ్డంగా ఎండ తట్టుకునే గుడ్డ పట్టీ కుట్టి ఉంటుంది, అది పోతే తెరచాపే పోతుంది.

పైన పందిరి, కిటికీలకు కప్పులు, వాన నీళ్ళు పట్టే గుడ్డ, కిందికి గాలి తోసే గొట్టం సంచి, డింగీకి ఎండ తగలకుండా తొడుగు, ఏ దీవికి పోతే ఆ దేశం జెండా, ఇవన్నీ మిషన్ ఉంటే మనమే కుట్టుకుంటాం. చేత్తో తిప్పే చక్రం ఉన్న, లోహపు పళ్ళున్న గట్టి మిషన్ కావాలి. ఆ దీవుల్లో తెరచాపలు బాగుచేసే దుకాణాలు రద్దీగా ఉంటాయి, రెండు మూడు వారాలు ఆగాల్సి వస్తుంది. నీ చేతిలో ఉన్న పని అక్కడ ఎంత విలువైనదో నువ్వు ఊహించలేవు.

"2024 ఆగస్టు చివర్లో తాడ్వాయి అడవిలో వేల చెట్లు గంటల్లో కూలడం చూశాం. సముద్రంలో అలాంటి గాలి వస్తే ఎలా?" (ఒక రైతు, ములుగు జిల్లా)

ఆ చెట్లు చూసిన వాళ్ళకు గాలి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. జవాబు ఒక్కటే, అది వచ్చే చోట ఆ కాలంలో ఉండకూడదు. అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, ఆగస్టు నుంచి అక్టోబర్ మరీ చెడ్డది. ఆఫ్రికా పక్కనుంచి వచ్చే గాలి అలలు అట్లాంటిక్ వేడి నీళ్ళ మీద బలం పుంజుకుని పడమరకు వస్తాయి, భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ తిరగడానికి వీలు తగ్గుతుంది కాబట్టి దక్షిణాన ఉన్న దీవులకు ప్రమాదం తక్కువ. అందుకే పడవలన్నీ గ్రెనడాకో, ట్రినిడాడ్‌కో దిగుతాయి. గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు దాదాపు 80 నాటికల్ మైళ్ళు, అంటే వరంగల్ నుంచి హైదరాబాద్ ఎంతో అంత. సాయంత్రం బయలుదేరితే పొద్దునకు చేరతాం.

తక్కువ అంటే లేదని కాదు. గ్రెనడా 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అయినా 2004 సెప్టెంబర్‌లో ఐవాన్ వచ్చి ఆ దేశంలో చాలా ఇళ్ళ కప్పులు లేపేసింది. 2024 జూలై 1న బెరిల్ పక్కనే ఉన్న కరియకూ దీవి మీద పడింది. మడ అడవుల్లోకి పోయి చెట్లకు తాళ్ళతో కట్టుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పోగుపడ్డాయి. కాబట్టి మా నియమం, పడవను యార్డులో నేల మీదికి ఎక్కించి, కాంక్రీటు దిమ్మెలకు పట్టీలతో బిగించి, తెరచాపలు, పందిరి, ప్యానెళ్ళు, గాలికి తగిలేది ఏదైనా సరే విప్పి లోపల పెట్టి, వాల్వులన్నీ కట్టేసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి, గోడలు వెనిగర్‌తో తుడిచి ఇంటికి రావడం. వానాకాలం హనుమకొండలో, చలికాలం అక్కడ. పడవలోనే ఉండాల్సి వస్తే మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ హెచ్చరికలు రోజూ చదవాలి, నాలుగైదు రోజుల ముందే కదలాలి. ఇంకేం చేసినా గాలి ఆగదు అనిపించినప్పుడు పడవ వదిలేసి గట్టి భవనంలోకి పోవాలి, ఇందులో రెండో ఆలోచన వద్దు.

హరికేన్ కాకుండా మామూలు రోజుల గాలి కూడా తేలికది కాదు. డిసెంబర్, జనవరిలో తూర్పు గాలి 25, 30 నాట్ల దాకా, అంటే గంటకు సుమారు 45, 55 కిలోమీటర్ల వేగంతో, వారాల తరబడి వీస్తుంది, దాన్ని క్రిస్మస్ విండ్స్ అంటారు. లంగరు బాగా పట్టాలి. ఐదు మీటర్ల లోతు, పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపి ఆరు అనుకుంటే దానికి ఐదింతలు, అంటే 30 మీటర్ల గొలుసు వదలాలి. గాలి పెరిగితే ఏడింతలు. నాచు మీద పట్టదు, ఇసుక చూసి వేయాలి, ఇంజిన్ వెనక్కి నడిపి లాగి చూడాలి, తర్వాత కళ్ళకు ఈత అద్దాలు పెట్టుకుని ఈదుతూ పోయి కొక్కెం ఇసుకలో పూర్తిగా దిగిందో లేదో చూడాలి. పగడాల మీద ఎప్పుడూ వేయొద్దు, అవి పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది.

"సొరచేపలు కరుస్తాయా?" (ఎనిమిదో తరగతి, పెద్దపల్లి)

మనం లంగరు వేసే చోట్ల కనిపించేవి ఎక్కువగా నర్స్ షార్కులు నాన్నా, ఇసుకలో పడుకుని ఉంటాయి, వాటి జోలికి పోకపోతే అవీ మన జోలికి రావు. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఒక చెట్టుతో. మాంచినీల్ అని, బీచ్ పక్కన చిన్న ఆపిల్ లాంటి పచ్చటి కాయలతో ఉంటుంది. కాయ తింటే ప్రాణానికే ముప్పు, వానలో దాని కింద నిలబడితే జారే చుక్కలకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. చేపలు తినేవాళ్ళకు ఇంకో మాట, పగడాల దగ్గర బతికే పెద్ద చేపల్లో, ముఖ్యంగా బర్రాకుడాలో, సిగువాటెరా అనే విషం చేరుతుంది. ఎంత ఉడికించినా పోదు.

"దుబాయ్‌లో ఫైబర్‌గ్లాస్ పని చేసి వచ్చాను. అక్కడ పడవల మీద పని దొరుకుతుందా?" (నిర్మల్)

పని ఉంది తమ్ముడూ, కానీ టూరిస్టు ముద్ర మీద వెళ్ళి చేయకూడదు. యార్డు వాళ్ళు వర్క్ పర్మిట్ ఇప్పిస్తేనే వెళ్ళు. పెద్ద యాట్‌ల మీద సిబ్బందిగా పోవాలంటే ఎస్‌టీసీడబ్ల్యూ అనే భద్రతా శిక్షణ, నావికుల మెడికల్ సర్టిఫికెట్ కావాలి. పని ఇప్పిస్తామని ముందే డబ్బులడిగే ఏజెంట్లకు రూపాయి కూడా ఇవ్వకు, గల్ఫ్‌కు పోయొచ్చిన నీకు ఈ మాట నేను చెప్పాల్సిన పని లేదు.

"డిగ్రీ చదువుతున్నాను. సముద్రమే చూడలేదు. నేర్చుకోగలనా? ఆడపిల్లలు చేస్తారా?" (కరీంనగర్)

చేస్తారు తల్లీ. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్ళే, బయలుదేరి భూమిని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్, పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం. నేర్చుకోవడానికి సముద్రమే అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, సికింద్రాబాద్‌లో సైన్యం నడిపే ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, వానాకాలంలో పోటీలు జరుగుతాయి. చిన్న పడవలో నేర్చుకున్నవాళ్ళకే గాలి ఒంటికి తెలుస్తుంది, పెద్ద పడవలో మొదలుపెట్టినవాళ్ళు మీటర్లు చూస్తూ ఉండిపోతారు, ఇది నేను చాలామందిలో గమనించాను. ముందు ఈత నేర్చుకో. తర్వాత ఆర్‌వైఏ (బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్) వాళ్ళ కాంపిటెంట్ క్రూ, దాని మీద డే స్కిప్పర్ కోర్సులు చెయ్యి. కడుపులో తిప్పుతుందని టెన్షన్ పడొద్దు, చాలామందికి మూడో రోజుకు తగ్గిపోతుంది. సిన్నరిజిన్ మాత్ర సెయిలర్లు ఎక్కువగా వాడతారు, డాక్టర్‌ని అడిగి బయలుదేరేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. పైన కూర్చుని దూరంగా ఆకాశం, సముద్రం కలిసి గీతలా కనిపించే చోటు చూస్తూ ఉండు, కింద ఫోన్ మాత్రం చూడకు.

"రిటైరైన బ్యాంకు ఉద్యోగులం, ఇద్దరం తెలిసినవాళ్ళ పడవలో రెండు నెలలు ఉండాలనుకుంటున్నాం. వీసాలు, కాగితాలు ఎలా?" (హనుమకొండ)

పొద్దున ఒక దేశంలో టిఫిన్ చేసి సాయంత్రం ఇంకో దేశంలో లంగరు వేస్తాం కాబట్టి కాగితాల పని ఎక్కువే సార్. గ్రెనడా, సెయింట్ విన్సెంట్, డొమినికా లాంటి చోట్ల భారతీయులకు ముందస్తు వీసా లేకుండా రానిస్తున్నారు, కానీ ఈ నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఆయా దేశాల అధికారిక సైట్లలోనే చూసుకోండి. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా యూరప్ దేశాలకు ఇచ్చే మామూలు షెంజెన్ వీసా చెల్లదు, ఆ ప్రాంతాలకు చెల్లుతుందని రాసి ఉన్న వీసా కావాలి. ప్యూర్టోరికో, అమెరికా వర్జిన్ దీవులకు అమెరికా వీసా. విమానంలో ఒకవైపు టికెట్‌తోనే వెళ్తుంటే, మీరు ఫలానా పడవ ఎక్కుతున్నారని కెప్టెన్ సంతకం చేసిన ఉత్తరం, పడవ రిజిస్ట్రేషన్ కాపీ చేతిలో ఉంచుకోండి, ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే అడుగుతారు.

కొత్త దేశం చేరగానే పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ ఒక్కరే అందరి పాస్‌పోర్టులూ పట్టుకుని ఒడ్డుకు పోవాలి. ఆ పని పూర్తయ్యేదాకా మిగతావాళ్ళు దిగకూడదు. చాలా దీవుల్లో సెయిల్‌క్లియర్ అనే సైట్‌లో ముందే వివరాలు నింపొచ్చు. డబ్బు కోసం తూర్పు కరీబియన్ డాలర్ గుర్తుంచుకోండి, అమెరికా డాలర్‌కు 2.70 చొప్పున 1976 నుంచి అదే రేటు, ఆరు దేశాల్లో, రెండు బ్రిటిష్ ప్రాంతాల్లో అదే చెల్లుతుంది. మిలిటరీ మచ్చల బట్టలు, చివరికి సంచులు కూడా తీసుకెళ్ళొద్దు, గ్రెనడా, సెయింట్ లూసియా, బార్బడోస్, ట్రినిడాడ్ లాంటి చోట్ల అవి పౌరులకు నిషేధం. బీపీ, షుగర్ మందులు రెండు నెలలకు కాదు, మూడు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా. రాత్రిపూట డింగీని పైకెత్తి తాళం వేయమని మీ స్నేహితులకు కూడా చెప్పండి, ఆ దీవుల్లో ఎక్కువగా పోయేది అదే.

చివరిది, చాలామంది పట్టించుకోనిది. మీరు పడవ దిగి విమానంలో ఇంటికి వచ్చేటప్పుడు కెప్టెన్ మీతో ఇమిగ్రేషన్ ఆఫీసుకు వచ్చి సిబ్బంది జాబితాలోంచి మీ పేర్లు తీయించాలి. అది జరగకపోతే ఎయిర్‌పోర్టులో మీకూ ఇబ్బంది, తర్వాత పడవ బయలుదేరేటప్పుడు ఆయనకూ ఇబ్బంది. శని, ఆదివారాల్లో ఆఫీసు మూసి ఉండొచ్చు, లేదా ఓవర్‌టైమ్ ఫీజు కట్టమంటారు, అందుకని విమానం సోమవారం పొద్దునే ఉంటే శుక్రవారమే పోయి ఆ కాగితం తెచ్చుకోండి.